ఒకే క్రాపు... పదిమంది హీరోలు!

ముందు ఒక చిన్న పని. ఫోన్‌లో డ్రాయింగ్ యాప్ తెరవండి. అది లేకపోతే కరెంటు బిల్లు వెనక్కి తిప్పి పెన్ను తీయండి. ఒక కుర్రాడి మొహం గీయండి. ఫలానావాడనేం లేదు, ఎవరైనా సరే. రెండు నిమిషాలు చాలు.

అయిందా? ఇప్పుడు మీ బొమ్మ చూడకుండానే జోస్యం చెబుతాను. చెవుల పక్కన జుట్టు కురచగా ఉంది. నడినెత్తిన గుబురుగా ఉంది. ఆ గుబురు గాలికి ఒక పక్కకి లేచినట్టుంది. నుదుటిమీద ఒకటో రెండో పాయలు పడ్డాయి. అవునా? కాదంటే మీకో దండం. ఈ వారం మీకు సెలవు.

ఈ శీర్షిక చదివేవాళ్ల నుంచి నాకొచ్చే మెసేజ్‌ల్లో మాటలు వేరైనా బాధ ఒకటే. "అన్నా, అమ్మాయిల బొమ్మలు వేరువేరుగా వస్తున్నాయి. అబ్బాయిల్ని గీస్తే మాత్రం అందరూ కవలల్లా ఉంటున్నారు. కళ్లు మార్చినా అంతే, ముక్కు మార్చినా అంతే." కొందరు చొక్కా రంగు మార్చి నెట్టుకొచ్చేస్తున్నారు. ఎర్ర చొక్కా వాడు హీరో, నీలం చొక్కా వాడు ఫ్రెండు. పదో పేజీలో ఇద్దరూ కాలేజీ యూనిఫాం వేసుకున్నారా, ఇక ఎవడు ఎవడో గీసినవాడికే తెలీదు.

తప్పు కళ్లలో లేదు, ముక్కులోనూ లేదు. నెత్తిమీద ఉంది.

మాట లేనిచోట కన్ను ఆగదు

మన దగ్గర 'బాపు బొమ్మ' అంటే అమ్మాయే. బాపు గారు మగవాళ్లని తక్కువేం గీయలేదు. ముళ్లపూడి వెంకటరమణ రాసిన బుడుగుకి రూపం ఇచ్చింది ఆయన గీతే. రాముణ్ని గీశారు, కార్టూన్లలో మొగుళ్లని, గుమాస్తాలని గీశారు. అయినా పెళ్లిచూపులకి వచ్చిన అబ్బాయిని చూసి 'బాపు బొమ్మలా ఉన్నాడు' అని ఎవరూ అనరు.

అమ్మాయి జుట్టుకి మన దగ్గర మాటలు కుప్పలు. వాలుజడ, రెండు జడలు, ముడి, కొప్పు, సిగ. ఒక్కో మాట వినగానే ఒక్కో బొమ్మ కళ్లముందుకొస్తుంది. మగాడి దగ్గరికొచ్చేసరికి 'క్రాపు' అనేసి చేతులు దులుపుకుంటాం. ఆ మాట కూడా ఇంగ్లీషు 'క్రాప్' నుంచి వచ్చిందే. అంతకుముందు మగాళ్లు జుట్టు పెంచి ముడేసుకునేవాళ్లు, పిలక పెట్టుకునేవాళ్లు. చదువుకోడానికి పట్నం వెళ్లిన కుర్రాడు పిలక తీసేసి క్రాపుతో తిరిగొస్తే ఇల్లంతా గగ్గోలు పెట్టిన రోజులున్నాయి. అంటే మీరు ఇప్పుడు రెండు గీతల్లో గీసేసే క్రాపు ఒకప్పుడు ఇంట్లో పెద్ద గొడవ!

మాటలు లేవని బాధపడక్కర్లేదు. కటింగ్ షాపుకి వెళ్లి కూర్చోండి. మిలిటరీ కటింగ్, సమ్మర్ కటింగ్, డిప్ప కటింగ్, స్టెప్ కటింగ్, మష్రూమ్, ఫేడ్, అండర్‌కట్, 'సైడ్స్ జీరో కొట్టు, పైన ముట్టుకోకు'. మన బొమ్మలకి కావలసిన నిఘంటువంతా అక్కడుంది. ఆ కుర్చీ వెనక నిలబడ్డ మనిషికి తల గురించి తెలిసినంత మనకి తెలీదు. మనం కంటితో చూసేదాన్ని ఆయన రోజూ చేత్తో పట్టుకుని చూస్తాడు.

ముందు పుర్రె, తర్వాతే జుట్టు

కొత్తగా గీసేవాళ్లు చాలామంది గుండ్రంగా తల గీసి, ఆ గీత లోపలే జుట్టు సర్దేస్తారు. దాంతో తల పైభాగం ఎవరో నొక్కేసినట్టు అవుతుంది. జుట్టుకి మందం ఉంటుంది. పుర్రె గీతకి పైన ఇంకో గీత రావాలి. మిలిటరీ కటింగ్ అయితే ఆ రెండు గీతల మధ్య దూరం అక్షరాలా వెంట్రుకవాసి. గుబురు రింగుల జుట్టయితే రెండు మూడు వేళ్ల దూరం.

కొలతలు చాలా సులువు. నడినెత్తి నుంచి గడ్డం కింది దాకా ఉన్న ఎత్తులో దాదాపు సగంలో కళ్లుంటాయి. నమ్మకం లేకపోతే అద్దంలో వేళ్లతో కొలుచుకోండి. ఇక మొహాన్ని మూడు వాటాలు వేయండి. గడ్డం నుంచి ముక్కు కింది అంచు దాకా ఒకటి. అక్కణ్నుంచి కనుబొమల దాకా ఒకటి. కనుబొమల నుంచి జుట్టు మొదలయ్యేచోటు దాకా ఒకటి. ఈ మూడూ దాదాపు సమానం. చెవులు కనుబొమలకీ ముక్కు కింది అంచుకీ మధ్య సర్దుకుంటాయి. కృతాలు ఆ చెవుల ముందు నుంచి దిగుతాయి.

ఇదంతా సగటు లెక్క. అచ్చంగా ఇలాగే ఉండే మనిషి మీకు కనిపించడు. ఒకడికి నుదురు కాస్త ఎక్కువ, ఇంకొకడికి ముక్కు కాస్త పొడుగు. లెక్క ఎక్కడ తప్పుతుందో అక్కడే పోలిక పుడుతుంది.

మగాడి నుదుటి అంచు గురించి ఇంకో మాట. చిన్నపిల్లాడికి అది దాదాపు గుండ్రంగా ఉంటుంది. వయసొచ్చేకొద్దీ చాలామందికి కణతల దగ్గర కొంచెం వెనక్కి జరుగుతుంది. ఎదురుగా చూస్తే ఇంగ్లీషు 'ఎం' అక్షరంలా ఉంటుంది. మీరు పాతికేళ్ల వాణ్ని గీస్తే పద్నాలుగేళ్ల వాడిలా వస్తున్నాడా? గడ్డం అతికించే ముందు ఆ రెండు మూలల్నీ కాస్త వెనక్కి జరిపి చూడండి.

సుడి ఎక్కడుంది?

మీ అమ్మమ్మని అడగండి, మీ నెత్తిన సుడి ఎక్కడుందో చెబుతుంది. రెండు సుళ్లుంటే రెండు పెళ్లిళ్లని ఈపాటికి ఏడిపించి కూడా ఉంటుంది. పెళ్లిళ్ల సంగతేమోగానీ బొమ్మ గీసేవాళ్లకి సుడి చాలా ముఖ్యం. జుట్టు ప్రయాణం అక్కడే మొదలవుతుంది. నడినెత్తికి కాస్త వెనగ్గా ఉంటుంది. ఎక్కువమందికి గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. అక్కణ్నుంచి కొన్ని వెంట్రుకలు నుదుటి మీదికి, కొన్ని చెవుల మీదికి, కొన్ని మెడ మీదికి దిగుతాయి.

కాబట్టి ముందు సుడి దగ్గర ఒక చుక్క పెట్టుకోండి. ఆ చుక్క నుంచి జుట్టు పోయే వైపులకి చిన్న బాణాలు గీసుకోండి. పని అయ్యాక చెరిపేయొచ్చు. ఆ చుక్క లేకుండా గీసిన జుట్టు ఎంత నీటుగా ఉన్నా అద్దెకి తెచ్చిన విగ్గులాగే ఉంటుంది.

మనిషి తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. లక్ష గీతలు గీస్తే మనకి కూలి ఎవరిస్తారు? గీసినా కొబ్బరిపీచులా వస్తుంది. జుట్టుని గుత్తులుగా చూడాలి. స్నానం చేసి, దువ్వకముందు అద్దంలో చూసుకోండి. తడిజుట్టు గుత్తులు గుత్తులుగా విడిపోయి కనిపిస్తుంది. పెద్ద గుత్తులు అయిదారు గీయండి. వాటిలో రెండింటిని చీల్చండి. అంచుల్లో నాలుగు విడి వెంట్రుకలు లాగండి. అక్కడితో చెయ్యి తీసేయండి.

గిరజాల జుట్టయితే ఒక్కో రింగుతో మొదలుపెట్టకండి. ముందు మొత్తం ఆకారాన్ని మబ్బులా గీసుకోండి. రింగులు ఆ మబ్బు అంచున కనిపించాలి. లోపల అక్కడక్కడా రెండు మూడు చాలు. మిగతావి చూసేవాడి కన్ను గీసుకుంటుంది.

మన జుట్టు నలుపు కాబట్టి ఇంకో ఇబ్బంది ఉంది. మొత్తం నల్లగా పూసేస్తే హెల్మెట్ అయిపోతుంది. వెలుగు పడేచోట ఒక పట్టీ తెల్లగా వదిలేయండి. కొబ్బరినూనె రాసిన తలమీద ఆ మెరుపు అంచులు పదునుగా ఉంటాయి. నూనె చూడని తలమీద చెదిరిపోయి ఉంటాయి. వాడు అమ్మ చేత తల దువ్వించుకుని వచ్చాడా, నిద్ర లేచి నేరుగా బండెక్కాడా అన్నది ఆ ఒక్క మెరుపుతో చెప్పేయొచ్చు.

నెత్తిమీద క్యాలెండర్

వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే మీ కామిక్ సగం బాగుపడుతుంది.

సెలూన్‌లో మిషన్‌కి తగిలించే దువ్వెనలకి నంబర్లుంటాయి కదా. నంబర్ వన్ అంటే దాదాపు 3 మిల్లీమీటర్లు. నంబర్ టూ అంటే 6. నంబర్ ఫోర్ అంటే దాదాపు 13. ఫేడ్ అంటే చెవి దగ్గర చర్మం కనిపించేంత తక్కువలో మొదలై, పైకి పోయేకొద్దీ పెరుగుతూ పోవడం. ఆ జీరో దగ్గర పది రోజుల్లో 3 మిల్లీమీటర్లు వచ్చేస్తాయి. మీ జీరో కాస్తా నంబర్ వన్ అయిపోయింది. నెల తిరిగేసరికి ఫేడ్ జాడ కూడా ఉండదు.

అంటే ప్రతి పేజీలోనూ పదునైన ఫేడ్‌తో కనిపించే పాత్ర రెండు వారాలకోసారి సెలూన్‌కి వెళ్తున్నాడన్నమాట. వాడి దగ్గర డబ్బుంది, తీరికుంది. ఆ రెండూ లేకపోతే అద్దమంటే ప్రాణమైనా అయ్యుండాలి. ఆరునెలలుగా ఉద్యోగం లేక, అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ కోచింగ్‌కి వెళ్లే కుర్రాడికి కూడా అదే ఫేడ్ పెడితే చదివేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది. వాడికి చెవుల మీదికి జుట్టు రావాలి. మెడ వెనక అంచు చెదరాలి. ఇంటర్వ్యూ రోజున మాత్రం కొత్త కటింగ్‌తో దిగాలి. ఇన్నాళ్లూ ఎండ తగలని చర్మం చెవి వెనక లేత రంగులో కనిపించాలి. ఆ ఉద్యోగం వాడికెంత అవసరమో ఒక్క డైలాగ్ లేకుండా అర్థమైపోతుంది.

అయ్యప్ప మాల సంగతీ అంతే. 41 రోజుల దీక్షలో కటింగ్, షేవింగ్ ఉండవు. నల్లబట్టలు గీసి, మెడలో మాల గీసి, తలమీద కొత్త కటింగ్ పెడితే అది ఫ్యాన్సీ డ్రెస్ అవుతుంది. ఒకే మనిషిని మాల వేసుకున్న రోజున, ఇరవయ్యో రోజున, ఇరుముడి కట్టుకున్న రోజున గీసి చూడండి. 41 రోజుల్లో పెరిగేది దగ్గరదగ్గర ఒకటిన్నర సెంటీమీటరే. అంత చిన్న తేడాకే మనిషి మొత్తం మారిపోతాడు.

ఇంట్లో నాన్న తల కూడా ఒకసారి గమనించండి. డై వేసుకుని నెల దాటితే పాపిడి దగ్గర సెంటీమీటరు వెడల్పున తెల్ల చార కనిపిస్తుంది. ఆ చార గీస్తే ఆ నెలంతా ఆయనకి అద్దం చూసుకునే తీరిక లేదని చెప్పినట్టే. పిల్ల పెళ్లి పనులో, ఆస్పత్రి తిరుగుళ్లో, ఏదో ఒకటి నడుస్తోంది.

కాలం కూడా తలమీదే కనిపిస్తుంది. 2003లో 'తేరే నామ్' వచ్చాక నడిమి పాపిడి తీసి జుట్టు వదిలేసిన కుర్రాళ్లు ఊరూరా కనిపించారు. 2006లో 'పోకిరి' తర్వాత మహేశ్‌బాబులా జుట్టు పెంచినవాళ్లకి మన కాలేజీల్లో కొదవ లేదు. 2017లో 'అర్జున్‌రెడ్డి' తర్వాత గడ్డాల వంతు. 2006 నాటి కాలేజీ కథలో హీరోకి ఇప్పటి ఫేడ్ పెట్టారంటే, వాడి చేతిలో స్మార్ట్‌ఫోన్ పెట్టినంత తప్పు.

పని కూడా తలమీదే ఉంటుంది

రోజంతా హెల్మెట్ పెట్టుకుని తిరిగే డెలివరీ కుర్రాణ్ని చూడండి. నడినెత్తిన జుట్టు అణిగిపోయి ఉంటుంది. హెల్మెట్ కింద మిగిలిన మెడ వెనక జుట్టు మాత్రం బయటికి తన్నుకొచ్చి ఉంటుంది. నుదుటిమీద ఎర్రగా అచ్చు పడి ఉంటుంది. పొలంలో తలగుడ్డ కట్టుకునే రైతుకి నుదుటి పైభాగం లేతగా, కింద ఎండకి కమిలి ఉంటుంది. తలగుడ్డ విప్పినప్పుడే ఆ గీత బయటపడుతుంది. సిమెంటు పనికి వెళ్లేవాడు సాయంత్రానికి ఇరవయ్యేళ్లు పైబడినట్టు కనిపిస్తాడు. స్నానం చేసి వస్తే మళ్లీ పాతికేళ్లవాడే.

పింటరెస్ట్‌లో 'మెన్ హెయిర్‌స్టైల్' అని కొడితే ఇవేవీ దొరకవు. అక్కడ కనిపించేవాళ్లు అప్పుడే కుర్చీలోంచి లేచినవాళ్లు. మన కథల్లో మనుషులు కుర్చీలోంచి లేచి చాలా రోజులైంది. అదీ తేడా.

గుండ్లన్నీ ఒకటి కావు

గుండు గీయడం తేలికనుకుంటారు. కానీ గుండు వేరు, బట్టతల వేరు. గుండు చేయించుకున్నా వెంట్రుకల మొదళ్లు చర్మం కింద ఉంటాయి. అందుకే జుట్టుండే మేర అంతా లేత నీలం నీడ పడినట్టు ఉంటుంది. నుదుటి అంచు ఎక్కడో స్పష్టంగా తెలుస్తుంది. బట్టతల మీద ఆ నీడ ఉండదు. పక్కల్లో, వెనక జుట్టు మిగిలి ఉంటుంది.

తిరుమల కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చొచ్చిన గుండు మీద గంధం పూత ఉంటుంది. పక్కనే అదే గంధంతో చెల్లి గుండు, నాన్న గుండు ఉండొచ్చు. ఎండాకాలం సెలవుల్లో కొట్టించిన గుండు మీద గంధం బదులు పక్కింటి పిల్లల చేతి దెబ్బలుంటాయి.

తండ్రి పోయిన కొడుకు గుండు ఇంకోటి. గీత చూస్తే అదే గీత. మారేదంతా దాని చుట్టూ ఉంటుంది. సెలవు తర్వాత ఆఫీసుకొస్తాడు. తెలియని కొలీగ్ ఒకడు నవ్వుతూ "తిరుపతి ఎప్పుడెళ్లొచ్చావ్?" అని అడగబోయి, మొహం చూసి మధ్యలో ఆగిపోతాడు. ఆ ఆగిపోవడాన్ని గీయగలిగితే మీరు ఆర్టిస్టే. నన్ను అడగక్కర్లేదు.

నల్లగా పూసేసినా గుర్తుపట్టాలి

మీ పాత్రలన్నిటినీ ఒక వరసలో నిలబెట్టి లోపలంతా నల్లరంగు నింపేయండి. నీడలే మిగులుతాయి. ఇప్పుడు ఎవరు ఎవరో తెలుస్తోందా? కార్టూన్ లోకంలో ఇది పాత పరీక్ష. బార్ట్ సింప్సన్‌ని నెత్తిమీది రంపపు పళ్లతోనే గుర్తుపడతాం. 'చందమామ' తిరగేసినవాళ్లకి శంకర్ గీసిన విక్రమార్కుడు గుర్తుండే ఉంటాడు. చేతిలో కత్తి, భుజాన వేలాడే శవం. ఆ బొమ్మని మసిపూసి ఇచ్చినా పేరు చెప్పేస్తాం.

టిన్‌టిన్ కథ సరదాగా ఉంటుంది. బెల్జియంకి చెందిన హెర్జే 1929లో ఆ కామిక్ మొదలుపెట్టినప్పుడు టిన్‌టిన్ ముందు పాయ నుదుటికి అణిగే ఉండేది. కథలో ఒకచోట పైకప్పు లేని కారులో జోరుగా దూసుకుపోతే గాలికి ఆ పాయ లేచి నిలబడింది. ఇక దిగలేదు. ఇవాళ ఆ పాయ లేకుండా టిన్‌టిన్‌ని ఊహించలేం.

'డ్రాగన్ బాల్' గోకు జుట్టుదీ ఒక కథే. అకీరా తొరియామా 1984లో మొదలుపెట్టిన ఆ మాంగా అచ్చయ్యేది నలుపు తెలుపుల్లో. ప్రతి పేజీలోనూ గోకు నల్లజుట్టులో సిరా నింపడం పెద్ద చాకిరీ. గోకు 'సూపర్ సైయాన్' అయ్యాక జుట్టు తెల్లగా వదిలేయడానికి ఆ చాకిరీ తగ్గించుకోవడం కూడా ఒక కారణమని తొరియామాయే చెప్పారు. టీవీలోకి వచ్చేసరికి ఆ తెలుపు బంగారు రంగు అయింది. బద్ధకం కూడా అప్పుడప్పుడు బంగారం పండిస్తుంది.

మరి రౌడీకి ఆ జుట్టే ఎందుకు?

నీడ చూసి పాత్రని గుర్తుపట్టేలా గీయడం మంచి విద్యే. కానీ అదే చేత్తో మనం ఇంకో పని కూడా చేసేస్తుంటాం. నీడ చూసి మనిషి మంచివాడో చెడ్డవాడో తేల్చేస్తాం.

మన బొమ్మల్లో పొడుగు జుట్టు చెదిరి ఉంటే రౌడీ. నూనె రాసి పక్కపాపిడి తీస్తే బుద్ధిమంతుడు, లేదా అమాయకుడు. రింగుల జుట్టయితే హీరో పక్కన నవ్వించేవాడు. బట్టతలైతే పిసినారి మేనేజరు. జుట్టుకి రంగేసుకుంటే ఆవారా. బొమ్మ అడిగేవాళ్లు కూడా "కొంచెం రౌడీ లుక్ ఉండాలి సార్, జుట్టు పెంచండి" అనే అంటారు.

ఇది కాగితం మీదే ఆగిపోతే గొడవ లేదు. పొడుగు జుట్టు కుర్రాడు బస్సెక్కి పక్కన నిలబడితే ఒకావిడ హ్యాండ్‌బ్యాగ్ దగ్గరికి లాక్కుంటుంది. జుట్టు పెరిగిందని క్లాసులో అందరి ముందు నిలబెడతారు. ఇల్లు అద్దెకి అడగడానికి వెళ్తే ఓనరు ముందు తలకేసి చూస్తాడు. ఆ తల వెనక ఏముందో ఎవరికీ తెలీదు. వాడు అర్ధరాత్రి దాకా ఆర్డర్లు తిప్పి ఇంటికి డబ్బు పంపేవాడు కావచ్చు. కటింగ్ డబ్బులు మిగుల్చుకుని చెల్లి ఫీజుకి ఇచ్చినవాడు కావచ్చు. అమ్మ ఆరోగ్యం కోసం మొక్కుకుని, అది తీరేదాకా తలకి కత్తెర తాకనివ్వనివాడు కావచ్చు. చూసేవాళ్ల కంటికి మాత్రం రౌడీ. ఆ కన్ను ఎక్కడి నుంచి వచ్చింది? సినిమాల నుంచి, సీరియల్స్ నుంచి. మనం గీసే బొమ్మల నుంచి కూడా.

మా అక్క కొడుక్కి పదేళ్లు. తలనిండా రింగులే. స్కూల్లో వాడి ముద్దుపేరు 'మ్యాగీ'. మొన్న నేనొక కథకి బొమ్మ వేస్తుంటే పక్కన కూర్చుని కాసేపు చూసి, "మామా, వీడికి నా జుట్టు పెడితే హీరో అని ఒప్పుకోరా?" అన్నాడు. ఒప్పుకోరని వాడికి ఎవరూ చెప్పలేదు. ఈ పదేళ్లలో చూసిన బొమ్మలన్నీ కలిసి చెప్పాయి. ఆ హీరోకి రింగులే పెట్టి పంపాను. ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఎవరూ గమనించనే లేదు, ఒక్కడు తప్ప.

జుట్టు రాలిపోయే కుర్రాళ్లదీ ఇదే బాధ. ఇరవైల్లోనే కణతల దగ్గర, సుడి దగ్గర పలచబడటం మొదలయ్యేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు. ఎక్కువగా అది వంశంలో వచ్చేదే, షాంపూ మార్చినంత మాత్రాన ఆగదు. 2021లో వచ్చిన 'నూటొక్క జిల్లాల అందగాడు'లో అవసరాల శ్రీనివాస్ బట్టతల దాచుకుంటూ తిరిగే కుర్రాడిగా నటించారు. సినిమాకి అది మొత్తం కథ అయింది. మన కామిక్స్‌లో మాత్రం కథలో ఆ ఊసే రాకుండా, ఊరికే జుట్టు పలచగా ఉన్న ప్రేమికుడు ఎందుకుండకూడదు? వాడి కథ ప్రేమ గురించే కావచ్చు. జుట్టు గురించే కానక్కర్లేదు.

మరి రౌడీకి పొడుగు జుట్టు గీయకూడదా? నిక్షేపంగా గీయండి. వాడికి ఆ జుట్టు ఎందుకుందో మీకు తెలిస్తే చాలు. నీటుగా నూనె రాసుకుని, పాపిడి తీసుకుని వచ్చిన రౌడీని గీసినా మంచిదే. నిజానికి అలాంటివాణ్ని చూస్తేనే నాకు భయం ఎక్కువ.

నేనైతే ఏ మగ పాత్ర తల గీయాలన్నా ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటాను. వీడు ఆఖరిసారి కటింగ్ ఎప్పుడు చేయించుకున్నాడు? ఎవరు చేశారు: సెలూన్‌లోనా, ఇంట్లో నాన్నా, హాస్టల్లో రూమ్మేటా? పొద్దున అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డాడు? ఈ మూడింటికీ జవాబు దొరికితే జుట్టు దానంతటదే వస్తుంది. జవాబు దొరకలేదంటే జుట్టు రాలేదని కాదు, పాత్రే ఇంకా రాలేదని అర్థం.

ఈ వారం పని

మీ వీధి చివర కటింగ్ షాపుకి వెళ్లండి. ఆదివారం పొద్దునైతే తలలకి కొదవుండదు. మంగళవారం వెళ్లకండి, చాలాచోట్ల సెలవు. ఓనర్ని అడిగి ఓ మూల బెంచీ మీద కూర్చోండి. ఎవరినీ ఫోటో తీయొద్దు. అవతలివాళ్లకి ఇబ్బంది, పైగా ఫోటో చేతిలో ఉంటే మన కన్ను పని మానేస్తుంది. అయిదుగురి తలలు వెనక నుంచి గీయండి. సుడి, మెడ వెనక అంచు, చెవులు, అంతే. మొహం వద్దు. ఒక్కో తల కింద ఆ మనిషి ఏం పని చేస్తాడో మీకు తోచింది రాసుకోండి.

తర్వాత వీలైతే మాట కలపండి. కటింగ్ షాపులో మాట కలపడం ఏమంత కష్టం కాదు. క్రికెట్టో, సినిమానో, ఎండలో ఏదో ఒకటి దొరుకుతుంది. ఎవరేం చేస్తారో అడిగి తెలుసుకోండి. మీ ఊహల్లో ఎన్ని తప్పాయో లెక్కపెట్టండి. తప్పిన ప్రతి ఊహా మీకొక కొత్త పాత్ర. ఆ పాత్రలే గీసి పంపండి.

వచ్చే వారం మీసాల దగ్గర కలుద్దాం.